కౌంటరు దగ్గర అమ్మ చెప్పిన పేరు

మా అమ్మమ్మ తన మొగుడి పేరు నోటితో పలికేది కాదు. మా తెలుగువాళ్ళలో ఆ కాలపు ఆడవాళ్ళెవరూ పలికేవారు కాదు గానీ, అమ్మమ్మది మరీ పట్టుదల. తాత పేరున్న మనిషి వీధిలో ఎదురైతే అతన్ని కూడా పేరుపెట్టి పిలిచేది కాదట. ఆ పట్టుదల ఇన్నేళ్ళ తరవాత నా మెడకు చుట్టుకుంటుందని ఆవిడకేం తెలుసు.

తాత రంగూన్ రేవులో బస్తాలు మోసేవాడు. బర్మాకు స్వాతంత్ర్యం వచ్చీ రాగానే ఈ దేశంలో వాళ్ళలో వాళ్ళకే యుద్ధం మొదలైంది. తుపాకుల చప్పుడు ఊరి పొలిమేర దాకా వచ్చి రేవులో పని ఆగిపోయినప్పుడు తాత వెళ్ళి సైన్యంలో చేరాడు. అక్కడ పేరు రాసుకున్నవాడు ఈ కోరంగీ పేరు ఎందుకొచ్చిన తంటా అనుకున్నాడేమో, ఒక బర్మా పేరు తగిలించాడు. తెలుగువాళ్ళను ఇక్కడ కోరంగీలంటారు. తాత ఆ పేరుతోనే పోరాడాడు, ఆ పేరుతోనే ఏవో కొండల్లో చచ్చిపోయాడు. ఆ బర్మా పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అది తెలియాల్సిన అవసరం నాకు నిరుడు వచ్చింది. మా అబ్బాయికి ఇరవై ఒకటి. ఆ వయసు మగపిల్లల్ని సైన్యంలోకి పిలుస్తున్నారు. పిలవడమంటే పెళ్ళికి పిలవడం కాదు. వాడు మోల్మేన్‌లో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోయాడని వార్డు ఆఫీసులో చెప్పి, రంగూన్ లమ్మడా పేటలో మా ఐదో అంతస్తు వాటాలోనే దాచాను. పది నెలలుగా వాడు మెట్లు దిగలేదు. కిందివాళ్ళకు అడుగుల చప్పుడు వినబడకుండా గోడవారన నడవడం నేర్చుకున్నాడు. ఇక్కడ ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది, పేపరువాడు పేపరు దానికి తగిలించి పోతాడు. దాన్ని పైకి లాగడానికి వాడు చెయ్యి కూడా బయట పెట్టకూడదు. నేను పని నుంచి వచ్చేదాకా పేపరు అలాగే గాలికి ఊగుతూ ఉండేది.

ఒక్కోసారి విసుగెత్తి వాడి మీద అరిచేదాన్ని, అదీ గొంతు తగ్గించి. గొంతు తగ్గించి అరవడం ఎంత నరకమో అరిచినవాళ్ళకే తెలుస్తుంది. వాణ్ణి కాపాడుతున్నానో జైల్లో పెట్టానో నాకే అర్థమయ్యేది కాదు.

మాకున్నది అసలు పౌరుల కార్డు కాదు, దానికి ఒక మెట్టు కిందిది. తాత ఈ దేశపు సైనికుడని రుజువు దొరికితే పై కార్డుకు అర్జీ పెట్టుకోవచ్చని, అది చేతికొస్తే పిల్లాణ్ణి దేశం దాటించే దారి ఇంకా పూర్తిగా మూసుకుపోలేదని చౌక్తడా పేటలో నేను టైపు పని చేసే చోట వకీలు చెప్పాడు. అంటే కొడుకును సైన్యం నుంచి తప్పించడానికి నేను సైన్యంలో తాతను వెతకాలి. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

లత అనే పేట వీధుల్లో మిగిలిన పాత తెలుగు ఇళ్ళన్నీ తిరిగాను. తాత తెలుగు పేరు చెప్పినవాళ్ళున్నారు, ఆయన మీసం ఎలా ఉండేదో చెప్పినవాళ్ళున్నారు. రెండో పేరు ఎవరికీ తెలియదు. చివరికి మాతోనే ఉండే అమ్మ ముందు కూర్చున్నాను. అమ్మకు ఎనభై దాటాయి, పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు.

"మీయమ్మ తాత పింఛను ఎలా తెచ్చుకునేదే?" అని అడిగాను.

"నన్ను కూడా తీసుకెల్లేది గదా. మాయమ్మ ఆయన పేరు సెప్పకూడదు. ఆ ఆపీసు బాబు అడిగితే నాను సెప్పేదాన్ని."

నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. "ఏటి పేరు సెప్పేదానివమ్మా?"

"ఏటో. ఆరేళ్ళ గుంటని, నాకేటి గుర్తు?"

ఆ తరవాత వారాల తరబడి ఆవిణ్ణి వేపుకు తిన్నాను. తోచిన బర్మా పేర్లన్నీ చదివి వినిపించాను, అన్నిటికీ తలూపింది. ఒకరోజు అన్నం తింటుంటే ముందు నుంచి కంచం లాగేశాను. అమ్మ ఖాళీ చెయ్యి అలాగే పట్టుకుని నా వైపు చూసింది. ఆ సిగ్గు నాకు ఇంకా పోలేదు.

ఇక ఉన్న వివరాలతోనే పాత రికార్డుల ఆఫీసుకు వెళ్ళాలనుకున్నాను. సైనికుడి కూతురు స్వయంగా రావాలన్నారు. అమ్మను మెట్లు దించడానికే అరగంట పట్టింది. కౌంటరు అవతల గుమస్తా, నా వయసు మనిషి, తలెత్తకుండానే బర్మా భాషలో అడిగింది. "సైనికుడి పేరు?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ నా చెయ్యి వదిలేసింది. కౌంటరు అంచు పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, బడిలో పిల్ల పాఠం అప్పజెప్పినట్టు పేరు చెప్పింది. ఆపైన ఆయన సైన్యం నంబరు చెప్పింది. ఒక్క తడబాటు లేదు. కంచం లాగేసినా రాని పేరు, ఒక గుమస్తా అడిగితే వచ్చింది.

గంటసేపటికి లోపలి నుంచి రిజిస్టరు వచ్చింది. తాత ఉన్నాడు. నంబరుతో సహా అమ్మ చెప్పింది చెప్పినట్టే ఉంది. కింద అమ్మమ్మ వేలిముద్ర, పక్కనే, పేరు కూతురు చెప్పిందని రాసిన ఒక ముక్క. నేను అందరి ముందూ ఏడ్చేశాను.

గుమస్తా మెత్తబడింది. చెడ్డ మనిషి కాదు. అమ్మకు కుర్చీ వేయించి, ఒక ఫారం తీసి ఆవిణ్ణే అడగడం మొదలుపెట్టింది. పిల్లలెందరు, ఇప్పుడు ఇంట్లో ఎవరెవరు ఉంటారు.

"సయామా, నేను చెప్తాను," అన్నాను. ఇక్కడ ఆఫీసుల్లో ఆడవాళ్ళను అలాగే పిలుస్తాం. అమ్మ నన్ను మోచేత్తో నెట్టేసింది. కౌంటరు దగ్గర జవాబులు చెప్పేది తను. ఆరేళ్ళప్పుడు నేర్పిన పని అది.

"మనవడున్నాడు," అంది శుభ్రమైన బర్మాలో. "ఇరవై ఒకటి. వాళ్ళ ముత్తాత పోలికే. ఎక్కడికీ పోడు, రోజంతా ఇంట్లోనే ఉంటాడు."

పెన్ను ఆగకుండా రాసుకుపోయింది.

"మా అబ్బాయి మోల్మేన్‌లో ఉన్నాడు," అన్నాను. "అమ్మకు మతిమరుపు, ఏదో అంటుంది."

గుమస్తా అమ్మ వైపు చూసింది, తెరిచి ఉన్న రిజిస్టరు వైపు చూసింది. "ఈవిడకా మతిమరుపు?" అంది నెమ్మదిగా.

మావాడు ఇంట్లోనే ఉంటాడని రాసిన ఆ ఫారం నా వైపు తిప్పింది. సంతకం పెడితే తాత కాగితం నకలు ఇస్తారు. పెట్టకపోతే ఎందుకు పెట్టనో చెప్పాలి. పెట్టాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ అలసిపోయినా మొహం వెలిగిపోతోంది. నేను తలుపు గడియ పెట్టేలోపే మావాడికి అంతా చెప్పేసింది.

"అన్నీ నానే సెప్పేనురా. నువ్వు ఇంట్లోనే ఉంతావని కూడా రాయించేను."

వాడు నా మొహం చూశాడు. వాళ్ళమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ఆవిడ చెప్పులు ఒక్కొక్కటే విప్పుతూ, "మంచి పని సేసేవు అమ్మమ్మా," అన్నాడు.