ఫైర్‌ప్లేస్‌లో పూజగది

దయ్యాలూ భూతాలూ అనేవాళ్ళని చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. నేను డాక్టర్ని. పోయినవాళ్ళు లేచి రారని నాకు తెలియదా? అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఆ ఇంట్లో జరిగినదానికి నింద నా నెత్తిన పడింది.

ఎనభైల మొదట్లో అమెరికాలో, ఎడిసన్‌లో ఒక పాత ఇల్లు కొన్నాం. హాల్లో సగం గోడ ఎర్ర ఇటుకల ఫైర్‌ప్లేసే. మసిబారి, చూస్తేనే చిరాకు పుట్టేది. అందులో కట్టెలు కాల్చే ఓపిక మాకు లేదు, ఇంట్లో పూజగదీ లేదు. మనవాళ్ళ ఇళ్ళలో అక్కడక్కడా చూసిందే కదా అని, దాన్నే పూజగది చేసేద్దామన్నాను.

వైర్ బ్రష్‌తో మసి గీకాను. మా ఆయన పొగగొట్టం అడుగున ప్లైవుడ్ బిగించి, సందులు సిమెంటుతో మూశారు. ఇటుకలకి రెండుసార్లు తెల్ల పెయింట్ వేసి, లోపల టైల్స్ పరిచి, దేవుడి పటాలు పెట్టాం.

మర్నాడు చూస్తే పటాలన్నీ బోర్లా పడి ఉన్నాయి. ఎన్నిసార్లు నిలబెట్టినా అంతే. చిన్న దీపం పెడితే చాలు, హాలంతా పొగ కమ్మి దగ్గొచ్చేది. పొమ్మంటున్నట్టే ఉండేది ఆ ఇల్లు. మా ఆయన నూనె మంచిది కాదన్నారు. నేనూ సరేననుకున్నాను.

ఇంతలో ఇండియాలో ఆయన పెదనాన్న పోయారని ఫోన్ వచ్చింది. మైల తీరేదాకా దీపం పెట్టొద్దన్నారు మా ఆయన. ఇలాంటి పట్టింపులని నేను వెక్కిరించేదాన్నే. కానీ ఆయన బాధ చూసి సరేనన్నాను. కుంది కడిగి, వత్తులతో, అగ్గిపెట్టెతో సహా వంటింటి కప్‌బోర్డ్‌లో పై అరలో పెట్టేశాను.

ఆ శనివారం మధ్యాహ్నం ఆయన గరాజ్‌లో ఉన్నారు, నేను వంట చేస్తున్నాను. హాల్లోంచి మా మూడేళ్ళ పాప కెవ్వుమంది. పరిగెత్తాను. ఫైర్‌ప్లేస్ ముందు చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. అరచేతిలో పెద్ద బొబ్బ. ఒక ఇటుక మీద పాప చెయ్యంత మేర పెయింట్ ఉబ్బి ఉంది. దాని మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

"అమ్మా, అది నా హ్యాండ్ పట్టుకుంది, వదల్లేదు" అంది పాప.

కేకలు విని ఆయన వచ్చారు. "మైలలో దీపం పెట్టొద్దని చెప్పానా లేదా? నీకన్నీ వెటకారమే!"

కప్‌బోర్డ్ తెరిచి కుంది చూపించాను.

"కడిగి దాచేస్తే నాకు తెలీదనుకున్నావా?" అన్నారు.

ఆ మాటకి ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. దేవుళ్ళని తీసేశాం, కొన్నాళ్ళకి ఇల్లే అమ్మేశాం. కాలిన గాయాలు నేను చాలా చూశాను, అదీ కాలిన గాయమే. దేనివల్ల కాలిందో మాత్రం నాకీనాటికీ తెలియదు.

వాళ్ళ నాన్న చెప్పిన కథే వింటూ పాప పెద్దదయింది. ఆ మచ్చ అలాగే ఉంది. మొన్న వంటింట్లో నా భుజం మీద చెయ్యేసి, "ఇట్స్ ఓకే అమ్మా, యాక్సిడెంట్స్ అవుతాయి. నాకు నీ మీద కోపం లేదు" అంది.

అవునని తలూపేస్తే అందరికీ హాయి. కానీ నేను దీపం పెట్టలేదు.