రామగిరి చేను కింద గొర్రెలు

మొన్న పెనుకొండలో హిందూపురం బస్సు కోసం నిలబడి ఉంటే రోడ్డుకు అడ్డంగా ఒక మంద దాటింది. తడి ఉన్ని వాసన, దుమ్ము, తారు మీద గిట్టల టపటప. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం కాళ్ల కిందికి చూసుకున్నాను. గొర్రెలు కళ్లెదుటే నడుస్తున్నా, చప్పుడు నేల పైనుంచే వస్తోందా అని సరిచూసుకునే మనిషిని ఆ స్టాండులో నేనొక్కణ్నే అయ్యుంటాను. ఈ జబ్బు నాకు అంటించింది వసుంధర మేడం.

మా ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ధర్మవరం మనిషి ఆమె. నేను ఆమె దగ్గర పరిశోధనలో జూనియర్ని. నాకు కోతలు కాస్త ఎక్కువ. ల్యాబులో ఎలుక కనబడితే సాయంత్రానికి క్యాంటీన్‌లో అది ఉడుమయ్యేది, మర్నాటికి చిరుతయ్యేది. మేడం అన్నీ విని నవ్వేవారు. కానీ నేను మొదటి రిపోర్టు రాసిచ్చినప్పుడు ఎర్ర పెన్నుతో సగం కొట్టేశారు. "ఏమప్పా చంద్రా, చిరుతను క్యాంటీన్‌లోనే కట్టేసి రా. ఈడ ఎలుక చాలు" అన్నారు.

ఆమె పరిశోధన నేల చప్పుళ్ల మీద. రామగిరి దగ్గర పాత బంగారు గనులున్నాయి కదా, కింద బోలుగా మిగిలిన సొరంగాల మీద నేల ఎప్పుడు ఎక్కడ కుంగుతుందో ఎవరికీ తెలియదు. మట్టిలో చిన్న సెన్సార్లు పాతి, వాటికి వినిపించింది ఏమిటో కంప్యూటర్‌తో చెప్పించడం మేడం పని. లారీ పోతే లారీ అని, ట్రాక్టరైతే ట్రాక్టరని, మంద నడిస్తే గొర్రెలని తెర మీద పేరు పడుతుంది. ఇవన్నీ తీసేశాక మిగిలేది నేల తనంతట తాను చేసే చప్పుడు. దాన్ని పట్టుకుంటే కుంగబోయే తావు ముందే తెలుస్తుంది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం అక్కడ ఒక చేలో కూర్చున్నాం. వేరుశెనగ పీకేసిన బోడి చేను. గాలి లేదు, పిట్ట లేదు. తెర మీద 'గొర్రెలు' అని పడింది. తలెత్తి చూశాను. కనుచూపు మేరలో మేకపిల్ల కూడా లేదు. పేరు మాత్రం చెరగలేదు. మేడం తన చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి నాకిచ్చారు. లెక్కలేనన్ని గిట్టలు, మెత్తగా, తొందర లేకుండా, మేం కూర్చున్న చోటికి సరిగ్గా కింద నడుస్తున్నాయి. అంత ఎండలోనూ నా ఒంటి మీద చెమట చల్లబడింది.

"సెన్సార్ చెడింది మేడం. ఈ కాసేపటిది తీసేద్దాం" అన్నాను.

"చెడిందని నీకెట్ల తెలుసు? నువ్వు భయపడితే అది చెడినట్టా?"

ఆ సాయంత్రం అదే చేలో గొర్రెల కాపరి ఓబులేసు మంద నిలపాలి. మా వైపు కోత అయ్యాక రైతు కాపరిని పిలిచి, ఎరువు కోసం గొర్రెలను రాత్రంతా చేలో పడుకోబెట్టించుకుంటాడు. ఓబులేసుకు ఉన్న ఆస్తల్లా ఆ మందే. చేను చూసిపోదామని అతను వస్తే, ఇక్కడ పెట్టొద్దన్నారు మేడం.

"ఏంటికమ్మా?"

"కింద గొర్రెలు నడుస్తాండాయి."

ఓబులేసు నా వైపు తిరిగాడు. "ఏమి సారూ, ఈయమ్మకు ఎండ తగిలిందా? గొర్రెలు లేని తావున గొర్రెలు ఉండాయంటాంది మీ మిషను. దానికి కండ్లద్దాలు కొనీండి."

నాకు నవ్వొచ్చింది. మేడానికి రాలేదు. "ఇప్పుడు నీ మంద యాడుండాది?"

"గుట్టకు ఆపక్క, నీళ్లకాడ. నా పెండ్లాము చూసుకుంటాంది."

"చంద్రా, ఈయప్పతో పో. నేను ఫోన్లో తోలమంటే తోలండి, ఆపమంటే ఆపండి."

గుట్ట దాటి వెళ్లాం. తోలమన్నారు. ఓబులేసు ఈల వేస్తే మంద కదిలింది. స్పీకర్ పెట్టిన ఫోన్లో మేడం గొంతు నిదానంగా, "వస్తాండాయి" అంది. ఆపించాం. "నిలిచినాయి." మళ్లీ తోలాం. "ఇప్పుడు నా కిందికొచ్చినాయి." అంతే, ఓబులేసు నా చేతిలోని ఫోను లాక్కున్నాడు. "అమ్మా, నువ్వు ముందు ఆన్నుంచి లెయ్యి!" అని అరిచాడు.

ఏ మ్యాపులోనూ లేని సొరంగం ఒకటి గుట్ట కింది నుంచి ఆ చేను దాకా ఉందన్నమాట. గొట్టంలో నుంచి వచ్చినట్టు మంద చప్పుడు దాని గుండా వచ్చింది. మంద వేరే చేనికి పోయింది. అదే వారంలో గట్టి వాన పడి ఆ చేను నడుమ నేల కుంగింది. పొద్దున పోయి చూస్తే బావంత నోరు. అందులోకి నేనొక రాయి వేశాననీ, అది పడిన చప్పుడు ఇంకా రాలేదనీ క్యాంటీన్‌లో చెప్పాను.

పరిశోధన పేపరు రాసే రోజుల్లో ఇంకో చిక్కు వచ్చింది. ఓబులేసు మేత కోసం మందను ముదిగుబ్బ వైపు తోలుకుపోయాడు. ఆ చుట్టుపక్కల ఒక్క గొర్రె లేదు. అయినా మధ్యాహ్నం పూట తెర మీద 'గొర్రెలు' అని పడుతూనే ఉంది. ఆ సంగతి తీసేస్తే పేపరు ఇంకా పెద్ద పత్రికలో పడుతుందని కాలేజీ పెద్దలు చెప్పి చూశారు. జనం నవ్వుతారని నేనూ అన్నాను.

"నవ్వనీలేప్పా. ఆ పొద్దు ఓబులేసు నవ్వలేదా? నువ్వు తీసేద్దామన్నది తీసేసింటే ఆ మంద ఏమయ్యుండు?" అన్నారు మేడం. చివరి వాక్యం నా చేతే రాయించారు: ఈ చప్పుడుకు కారణం మాకు తెలియదు. పేపరు చిన్నచోటే అచ్చయింది. కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టి, మేడానికి శాలువా కప్పారు. ఆ వాక్యం ఊసు సభలో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు మేడం లేరు. యంత్రం నా దగ్గరుంది. ఓబులేసు కొత్త తావులో మంద నిలపాలంటే ముందు నాకు ఫోన్ చేస్తాడు. ఈమధ్య ఒక చేనికి పిలిచాడు. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా విన్నాను. తెర ఖాళీగానే ఉంది.

"ఏం సారూ, కింద ఏమన్నా నడుస్తాందా?"

"దీనికేమీ వినబళ్లేదు."

అతను ఈల వేశాడు. మంద గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ముందున్న పొట్టేలు చేలో కాలు పెట్టలేదు. వెనకవి తోస్తున్నా కదలలేదు. ఒక్కొక్కటిగా అన్నీ తలలు వంచి, అరుపు మాని, చెవులు నేలకేసి నిలబడ్డాయి. ఓబులేసు నా ముఖం చూశాడు. గనిలో చిక్కుకుపోయిన పాతకాలపు కాపరి కథ ఒకటి అప్పటికే నా నాలుక చివర సిద్ధంగా ఉంది. అది చెబితే అతను నమ్మేవాడు కూడా.

"ఏంటికో నాకు తెలీదు ఓబులేసూ" అన్నాను.

అతను ఈల వేసి, మందను వెనక్కి తిప్పాడు.