లోపలి మెట్లు

నాగాయలంకకు దిగువన, సముద్రపు గాలి నేరుగా తగిలే ఊళ్ళో మహాలక్ష్మికి భయమంటే ఏంటో తెలియదని పేరు. చేపల గంప ఎత్తుకుని అవనిగడ్డ బజారుకు పోయే మనిషి. బేరంలో ఆమె గొంతు పెంచిందంటే అవతలివాళ్ళు దించాల్సిందే. బస్సులో గంప కుదరదన్న కండక్టరు చేతనే గంప ఎక్కించుకున్న ఘనత ఆమెది. అలాంటి మనిషి సొంత ఇల్లు కట్టుకుంటూ గజగజ వణికిందంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీండి, జరిగింది మాత్రం అదే.

కొడుకు ఆంజనేయులు గిలకలదిండిలో మరబోటు మీద పనిచేస్తాడు. వేట ఆపేసిన వేసవి రోజుల్లో ఊరికొచ్చి, పాత రేకుల ఇంటి పక్కనే మట్టి తోలించి, స్థలం మెరక చేసి, ముగ్గు పోయించాడు. ఆ ముగ్గులోనే మేస్త్రి శామ్యూల్ రాజ్ మెట్ల చోటు చూపించాడు. హాలు లోపల, వీధి తలుపుకు ఎదురుగా.

మహాలక్ష్మి ముగ్గు గీతల మధ్యకొచ్చి నిలబడింది.

"ఒరే, మెట్లు బయటికి పెట్టించరా," అంది.

"బయట మిగిలింది ఈశాన్యం మూలేనమ్మా. అక్కడ మెట్ల బరువు కూడదని సిద్ధాంతి గారు చెప్పారు గదా."

"అయితే సిద్ధాంతిని మార్చు."

అందరూ నవ్వారు. కోడలు సునీత కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆంజనేయులుకు సిద్ధాంతి మాట ఇంకో రకంగానూ కలిసొచ్చింది. మెట్లు లోపలుంటే డాబా మీద వలలు ఆరేసుకున్నా, సామాను పడేసుకున్నా బయటివాడెవడూ ఎక్కడు. ఆ ధీమా అతనిది. తల్లి భయం సరిగ్గా అక్కడే ఉందని అతనికెలా తెలుస్తుంది? ఆమె చెబితే గదా.

డెబ్భై ఏడు ఉప్పెన నాటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. గాలి ముదిరాక తల్లి ఆమెను ఊళ్ళో పెద్దరైతు మేడ గుమ్మంలోకి తోసి, "కదలమాక, తమ్ముణ్ణి తెస్తా" అని వెనక్కి పరుగెత్తింది. ఆ మేడకు మెట్లు లోపలే. నీళ్ళొస్తున్నాయన్న కేక వినగానే లోపలి మగవాళ్ళు తలుపు మూసి, గడియ వేసి, బల్లలు అడ్డం పెట్టారు. కాసేపటికి తలుపు మీద చప్పుడైంది. "మాలచ్చీ" అని తల్లి గొంతు. పిల్ల ఏడ్చి అరిచింది, గడియ దగ్గరికి పాక్కుంటూ పోయింది. ఎవరో రెక్క పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చుకుపోయారు. డాబా మీద నుంచి చూస్తే వీధి లేదు, గుమ్మం లేదు, అంతా నీళ్ళే. వాళ్ళను తిట్టుకుందామన్నా నోరు రాదు. ఆ గడియ వేయబట్టే తను బతికిందేమో, ఎవరు చెప్పగలరు? పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, మొగుడు పోయాడు. ఎవరికీ ఈ మాట చెప్పలేదు. అమ్మ ఉప్పెనలో పోయింది అనడంతో సరిపెట్టేది.

ఇప్పుడు తన ఇంటికే లోపలి మెట్లు. రేపు నీళ్ళొస్తే చుట్టుపక్కల రేకుల ఇళ్ళవాళ్ళు తన తలుపే కొడతారు. లోపలున్నవాళ్ళు తన కొడుకూ కోడలూ అవుతారు. ఇదీ ఆమె భయం.

గోడలు లేచేకొద్దీ ఆమెకు తిండి తగ్గింది. శ్లాబు పోసిన రోజు కూలీలందరికీ కూర వండి పెట్టింది గానీ తను ముద్ద దింపలేకపోయింది. వడ్రంగి తలుపు బిగిస్తూ సుత్తితో కొడుతుంటే ఆ చప్పుడు భరించలేక కాలవగట్టు దాకా పోయి కూర్చుంది. "ఇల్లు కట్టుకుంటుంటే ఎవరన్నా చిక్కిపోతారా వదినా?" అని పక్కింటి మార్తమ్మ వేళాకోళం చేసింది. మహాలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుని, "గాలొస్తే మా డాబా మీదికొచ్చెయ్. ఎవర్నీ అడగమాక," అంది. మార్తమ్మ నవ్వబోయి ఆ మొహం చూసి ఆగిపోయింది.

గృహప్రవేశం ముహూర్తానికి ఇంకా రోజులుండగానే బంగాళాఖాతంలో తుఫాను పుట్టింది. బోట్లు ఒడ్డుకొచ్చేశాయి, మళ్ళీ వేటకు పోయిన ఆంజనేయులు ఇంటికొచ్చాడు. మధ్యాహ్నానికి పాత ఇంటి రేకులు లేవడం మొదలెట్టాయి. కాలవ పొంగి తుఫాను షెల్టరుకు పోయే దారి మునిగింది. ముహూర్తం లేదు, మంచీ లేదు, సునీత గబగబా కొత్తింట్లో పాలు పొంగించింది. చంటి మనవరాల్ని చంకనేసుకుని అందరూ లోపలికొచ్చేశారు.

గాలికి తలుపు దబదబ కొట్టుకుంటోంది. ఆంజనేయులు గడియ వేశాడు. మహాలక్ష్మి వెళ్ళి తీసింది. అతను మళ్ళీ వేశాడు. ఆమె మళ్ళీ తీసింది.

"పిచ్చి గానీ పట్టిందా నీకు?" అని ఆంజనేయులు కసిరి, తల్లిని పక్కకు తప్పించి గడియ బిగించాడు.

సరిగ్గా అప్పుడు తలుపు మీద చప్పుడైంది.

ఇన్నాళ్ళూ ఈ క్షణం కోసమే కొట్లాడిన మనిషి, ఒక్క ఉదుటున పోయి తీయాలి గదా. తీయలేదు. వెనక్కి వెనక్కి నడిచి మెట్ల మీద చతికిలబడి, రెండు చెవులూ మూసుకుంది. ఆ చప్పుడు ఇప్పటిదో అప్పటిదో ఆమెకు తెలియలేదు.

తలుపు తీసింది సునీత. మార్తమ్మ, మొగుడు, ముగ్గురు పిల్లలు, వాళ్ళ వెనక ఇంకో రెండిళ్ళవాళ్ళు, ఒక మేకపిల్ల, నీళ్ళోడుతూ లోపల పడ్డారు. ఎవరూ ఏమీ అడగకుండానే మెట్ల మీదుగా పైకెక్కిపోతున్నారు. మహాలక్ష్మి పక్కకు ఒదిగి, ఎక్కుతున్న ఒక్కొక్కరి మొహమూ చూస్తోంది. చివరగా ఎక్కబోతున్న మార్తమ్మను కొంగు పట్టుకుని ఆపింది.

"వెనక ఎవరన్నా ఉండిపోయారా?"

"లేరొదినా. అందరం వచ్చేశాం."

"సరిగ్గా చూశావా?"

"చూశానమ్మా, ఒట్టు. ఇక గడియ పెట్టుకోండి."

ఆంజనేయులు గడియ మీద చెయ్యి వేశాడు. తల్లి వైపు చూశాడు. సముద్రంలో ఎన్ని గాలుల్లో చిక్కుకున్నా, తోటివాళ్ళ మొహాల్లో అతను ఎన్నడూ చూడనంత భయం అక్కడుంది. చెయ్యి తీసేశాడు. గడియ వేయకుండా తలుపు దగ్గరికి లాగి, నేల మీద కూర్చుని వీపుతో దాన్ని అదిమి పట్టుకున్నాడు. గాలి తోసినప్పుడల్లా మనిషి ముందుకు ఊగుతున్నాడు.

"అందరూ వచ్చేశారు గదమ్మా," అన్నాడు మెల్లగా. "ఇంకా ఎవరు రావాలి?"

"మా అమ్మ," అంది మహాలక్ష్మి.

ఆంజనేయులు కాళ్ళు నేలకు తన్నిపెట్టి, తలుపును అలాగే పట్టుకుని కూర్చున్నాడు.