తుఫానుకిచ్చిన పట్ట

మా ఊళ్లో తుఫాను అంటే టీవీలో చూసేదే. కర్నూలుకు పడమటి పల్లె మాది. వాన కోసం ఆకాశం వంక చూసీ చూసీ మెడలు పట్టేసిన ఊరు. ఆ ఏడు మాత్రం ఎట్లాగో వేరుశనగ పండింది. కాయలు విడిపించి చేనులోనే కళ్లం చేసి ఎండబోశాం. అందులోనే మరుసటి ఏటి విత్తనం. విత్తనం లేక చేను బీడు పెట్టిన ఏడు నేను మరిచిపోలేదు. అందుకే ఆ కుప్పను పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాను.

సరిగ్గా అప్పుడు కోస్తాలో తుఫాను. టీవీలో కూలిన కొబ్బరిచెట్లు, నీళ్లలో మునిగిన వరి, బడి వరండాలో వణికే ముసలివాళ్లు. మా ఇంటాయన అది చూసి అన్నం సగంలో లేచిపోయాడు. మర్నాడు తుఫాను బాధితుల కోసమని ఊళ్లోకి లారీ వచ్చింది. నేను అంగడికి పోయి వచ్చేసరికి దండెం మీద పాత చీరలు లేవు, దుప్పట్లు లేవు, కాయల మీద కప్పే టార్పాలిన్ పట్ట కూడా లేదు.

"పట్ట యాడ పెడితివి?"

"లారీకి ఇస్తి. పాపం, వాళ్లకు తల దాచుకునేకి నీడ లేదంట."

"మన కాయల మీదికో?"

"మనకు వాన యాడొస్తాది? ఎండ సూడు, ఎట్ల కాస్తాండాదో."

ఇట్లాంటి పని మా సీమ మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. వాన రాదని అంత ధీమా ఇంకెవరికుంటుంది?

మర్నాటి మధ్యాహ్నానికే మబ్బు కమ్మింది. తొలి చినుకు పడగానే ఆయన వాకిట్లో నిలబడి, మొహం పైకెత్తి నవ్వాడు. అలవాటు! ఊరంతా అదే నవ్వు. ఆ తర్వాత గుర్తొచ్చింది కళ్లం. పరుగెత్తాం. దారిలో నల్లరేగడి అప్పటికే బంకయింది, కాయలు ఇంటికి తోలుకుందామంటే బండి కదలదు. చుట్టుపక్కల వాళ్ల పట్టలు వాళ్ల కుప్పల మీదున్నాయి, ఎవర్ని అడుగుతాం? నాకు ఒళ్లు మండిపోయింది. వెనక్కి ఇంటికి పోయి పెట్టె తీశాను. తాళంచెవి నా కొంగున ఉండబట్టి లారీ ఎక్కకుండా మిగిలింది నా పెళ్లి పట్టుచీర ఒక్కటే. దాన్నే తెచ్చి కుప్ప మీద పరిచాను.

"అది వద్దుమే, పెండ్లి చీర" అన్నాడు.

"నోరు మూసుకోని ఆ కొస పట్టుకో" అన్నాను.

చీర ఎంత ఆపుతుంది? ముసురు వదిలేసరికి కింది కాయలు మొలకలెత్తాయి, పై కాయలు చీర రంగు దిగి ఎర్రబడి బూజు పట్టాయి. విత్తనానికి పిడికెడు కూడా పనికిరాలేదు. మరుసటి ఏడు చేను మళ్లీ బీడేనని తేలిపోయింది. తుఫాను కోస్తాలో తీరం దాటిందని టీవీ చెబుతూనే ఉంది. మా చేను దాటిన సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం చెడిన కాయలు చాటలో పోసుకుని ఏరుతున్నాను. టీవీలో కోస్తా వాళ్లు గట్టు మీద పట్టలు కట్టుకుని, వాటి కింద పొయ్యి వెలిగించుకున్నారు. ఆయన లేచి టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా పోయి నిలబడ్డాడు.

"ఏం సూస్తాండావు?"

"మన పట్ట మూలకు నువ్వు ఎర్రదారంతో కుట్టేసింటివే. అది యాడన్నా కనపడుతుందేమోనని."

చేతిలో చాట ఆయన వీపు మీద విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. విసరలేదు.

"కొంచెం పక్కకు జరుగు" అన్నాను. "నాకు కనపడల్యా."