ఎర్ర రంగు పెట్టె

నాకు పగ ఉండేది. ఇప్పుడు లేదని చెబితే అది అబద్ధం.

పందొమ్మిది వందల యాభైల చివర్లో తాండూరులో ఒక సేటు దగ్గర లారీలకు కరెంటు పని చేసేవాణ్ణి. వాటిలో బండలు వికారాబాదుకు మోసే ఒక లారీకి రెండు బ్యాటరీలు. బ్యాటరీల్లో పోయడానికి ఆవిరి పట్టి తీసిన నీళ్ళు నేనే వికారాబాదు నుంచి రైల్లో గాజు జాడీలో తెచ్చేవాణ్ణి. తాండూరు బావి నీళ్ళు బ్యాటరీకి పనికిరావు. గ్లాసులో పోసి ఆరనిస్తే అడుగున సున్నం మిగులుతుంది.

ఆ ఏడు దసరా పోయాక బ్యాటరీలు ఉడకడం మొదలైంది. మూతలు తీస్తే బుసబుసమని పొంగేవి, పోసిన నీళ్ళు రెండు రోజులకే ఇంకిపోయేవి. లైట్ల బల్బులు కూడా ఒకటి తర్వాత ఒకటి మాడిపోయాయి. డైనమో కరెంటును అదుపులో పెట్టే పెట్టె ఒకసారి విప్పి చూద్దామన్నాను. ఆ పెట్టెను మా పెద్ద మేస్త్రీ, అందరూ ఉస్తాద్ అనేవారు, ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

"పెట్టె మంచిగనే ఉన్నది. గీడు బాయి నీళ్ళు పోసిండు సేటూ, గందుకే బ్యాటరీలు ఉడుకుతున్నయ్," అన్నాడు ఉస్తాద్, నలుగురిలో.

"రుచి చూడుండ్రి సేటూ. బాయి నీళ్ళయితె నాలిక మీదనే తెలుస్తది," అన్నాను జాడీ చూపించి.

ఎవరూ చూడలేదు. ఉస్తాద్ ఆ జాడీ లాక్కుని మట్టిలో ఒంపేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తన పని తప్పును నా నీళ్ళ మీదికి తోశాడు. సేటు నన్ను పనిలోంచి తీసేశాడు. తాండూరులో నా పేరు బాయినీళ్ళోడు అయిపోయింది. బావి దగ్గర నా భార్యను చూసి, "ఏమమ్మా, బ్యాటరీలకేనా చేదుతున్నవ్?" అని నవ్వేవాళ్ళు. ఆమె సగం బిందెతోనే ఇంటికి వచ్చేసేది. ఆ సగం బిందెలు చూసి నా కడుపు మండేది.

వికారాబాదులో స్టేషన్ దగ్గర బ్యాటరీలు చార్జింగ్ చేసే దుకాణంలో చేరి, తాండూరు ఇంటి నుంచి రోజూ రైల్లో వెళ్ళి వచ్చేవాణ్ణి. ఆ లారీ ఏదో ఒకనాడు నా ముందుకు రాకపోదని ఎదురుచూశాను. ఎండాకాలం రాకముందే వచ్చింది. కొత్తగా వేసిన రెండు బ్యాటరీలూ ఉడికిపోయి, వెనక నుంచి మనుషులు తోస్తుంటే వచ్చింది. సేటూ ఉస్తాదూ దిగారు. టీ కొట్టు దగ్గరున్న డ్రైవర్లందరినీ రమ్మని పిలిచాను.

రెండు బ్యాటరీల మూతలూ తీసి చూపించాను. "ఒక్కటే ఉడికితె గా బ్యాటరీదే తప్పు. రెండు సమంగ ఉడికినయంటె డైనమో నుంచి వచ్చేదే ఎక్కువైంది. నేను పోయి నాలుగు నెలలాయె సేటూ, ఇప్పుడు నీళ్ళెవరు పోస్తున్నరు?"

సేటు ఉస్తాద్ వైపు చూశాడు.

దుకాణంలోని బ్యాటరీలు తగిలించి ఇంజను నడిపించాను. మీటరు ముల్లు చివరికి పోయి కొట్టుకుంది. ఒక తీగ తీసుకుని ఒక కొన పెట్టె ఒంటికి, ఇంకో కొన బండి చట్రం మీది రంగు లేని ఇనుప బోల్టుకు ఆనించాను. ముల్లు దిగింది. తీగ తీస్తే మళ్ళీ ఎక్కింది. రెండోసారికే తప్పు తేలిపోయింది. మూడోసారి మాత్రం నా సంతోషం కోసం చేశాను.

ఇంజను ఆపి పెట్టె విప్పితే కింద రేకు మీద రెండు పూతల ఎర్ర రంగు. పెట్టె ఒంటికి బండి ఇనుము తగిలితేనే అది కరెంటును అదుపు చేస్తుంది. దసరా పూజకు ఉస్తాద్ పెట్టె ఊడదీసి, దాని చోటుకు కూడా రంగు పూయించి, పైన బిగించాడు.

"బండి పెండ్లికొడుకు లెక్కుండాలె అంటివి గదా," అన్నాడు సేటు ఉస్తాద్‌తో.

గరుకు కాగితం ఉస్తాద్ చేతిలో పెట్టాను. "గీకు ఉస్తాద్." అందరి ముందూ గీకాడు. బిగించాక ముల్లు చెప్పినట్టు విన్నది.

"మళ్ళ పనిలకు రా," అన్నాడు సేటు.

నేను దుకాణంలోని బ్యాటరీ నీళ్ళ జాడీ తెచ్చి, టీ గ్లాసు కడిగి, నిండా నీళ్ళు పోసి ఉస్తాద్‌కు ఇచ్చాను. "నాడు నువ్వు ఒంపేసిన నీళ్ళే. తాగి చెప్పు."

తాగాడు. "చప్పగున్నయ్."

"డ్రైవర్లకు ఇనవడలే."

"బాయి నీళ్ళు గావు," అన్నాడు గట్టిగా, తల వంచుకుని.

ఇంటికి గాల్లో తేలుతూ వెళ్ళాను. నా భార్య అంతా విన్నది. "మంచిగైంది. మరి మా బాయికాడోళ్ళు ఎవ్వలన్న ఉండిరా గాడ?" అని అడిగింది.

ఒక్కరూ లేరు. నన్ను ఊళ్ళో దోషిని చేస్తే నేను పరాయి ఊళ్ళో గెలిచి వచ్చాను. మర్నాడే సేటుకు కబురు పంపాను. పనికి వస్తాను, కానీ ఉస్తాద్ ఇంకో గ్లాసు తాండూరులో ఆ బావి గట్టు మీద, ఆడవాళ్ళు నీళ్ళు చేదే వేళ తాగాలన్నాను. సేటు నవ్వి ఊరుకున్నాడట. నేనూ వెళ్ళలేదు. ఏళ్ళ తర్వాత ఉస్తాద్ చనిపోయాడని తెలిసిన రోజు నా భార్య మంచినీళ్ళు తెచ్చి ఇస్తే, నాకు మొదట గుర్తొచ్చింది ఆయన తాగకుండా మిగిల్చిన ఆ రెండో గ్లాసే.