విరగని ఫ్రేమ్

2023. బెంగళూరులో, వర్తూరు మెయిన్ రోడ్డులో నా కళ్లజోళ్ల దుకాణానికి అప్పటికి పందొమ్మిదేళ్లు. రోజంతా జనం కళ్లలోకి చూసేవాడిని కదా, మనుషులు ఇట్టే అర్థమైపోతారని నాకో గర్వం ఉండేది. అది దిగిపోయిన సంగతి ఇది.

వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకావిడ, తొమ్మిదో తరగతి చదివే కూతురు మేఘనను తీసుకొచ్చింది. నాలుగు నెలల్లో మూడోసారి. పిల్లకు పవర్ మైనస్ ఆరు. కళ్లజోడు తీస్తే ఎదుట నిలబడ్డ మనిషి కూడా మసకే.

"మళ్లీ విరగ్గొట్టుకుంది సార్. అస్సలు కేర్‌లెస్. కొంచెం స్ట్రాంగ్ ఫ్రేమ్ ఇవ్వండి," అందావిడ.

చేతికి తీసుకుని చూశాను. రెండు వైపులా హింజ్, అంటే కాడ మడతపడే కీలు, మెలితిరిగి ఊడింది. కిందపడితే అద్దం పగులుతుంది, ఒక కాడ వంగుతుంది. రెండు కీళ్లూ ఇలా ఊడాయంటే ఎవరో చేత్తో తిప్పినట్టే. ఈ పనిలో ఇది ఓనమాలు. అయినా నోటికొచ్చిన నీతిపాఠమే చెప్పాను.

"వస్తువు జాగ్రత్తగా పెట్టుకునేది నేర్చుకో పాపా. ఇంద, ఈ ఫ్రేమ్ రబ్బరు మాదిరి ఉండాది. ఎంత వంచినా విరగదు."

"చేత్తో మెలితిప్పినా విరగదా అంకుల్?"

"మెలితిప్పేది ఎవరప్పా!" అని నవ్వాను. మేఘన నవ్వలేదు.

మూడు వారాలకు మళ్లీ వచ్చారు. పిల్ల చేతికి కట్టు. స్కూలు ముందు రోడ్డు దాటుతుంటే బైకు గుద్దిందట. ముఖాన కళ్లజోడు లేదు. "ఎక్కడో పారేసుకుంది," అంది తల్లి. తిట్టే ఓపిక కూడా లేదావిడకు.

రిఫ్రాక్షన్, అంటే పవర్ కొలిచే పరీక్ష, లోపలి గదిలో చేస్తాను. తల్లిని బయట కూర్చోమని, ఈసారి అడిగాను.

"విరగట్లేదని గోడవతలికి విసిరేశారు అంకుల్. మా క్లాసువాళ్లే, నలుగురు. నేను తడుముకుంటుంటే వీడియో తీసి గ్రూపులో పెడతారు."

"ఇంట్లో చెప్పలేదా?"

"అమ్మ నాదే తప్పంది. మీరూ అదే అన్నారు." మళ్లీ తనే అంది: "కళ్లజోడు లేకపోతేనే నయం. ఎవరి మొహాలూ కనిపించవు. బైకు గుద్దాక, హమ్మయ్య, రేపు స్కూలుండదు అనుకున్నా."

సిగ్గేసింది. కోపమూ వచ్చింది, ఆ నలుగురి మీదకన్నా నా మీదే ఎక్కువ. పిల్ల సరేనన్నాక తల్లిని లోపలికి పిలిచాను.

"అవి కిందపడి విరిగినవి కావమ్మా, ఎవరో విరిచినారు. నాకు ఆ పొద్దే తెలుసు, చెప్పలేదు. పాప మాట విను, నడుమ మాట్లాడొద్దు."

ఆవిడ విన్నది. ఏడ్చింది. స్కూలు చుట్టూ నెలల తరబడి తిరిగితే పిల్ల సెక్షన్ మార్చారు. మేఘన ఇంకా కౌన్సెలింగ్‌కు వెళుతోంది. అంతా బాగైపోయిందని రాయలేను.

ఆ రోజు మళ్లీ రబ్బరు ఫ్రేమే తీయబోయాను. "వద్దంకుల్, విరిగేదే ఇవ్వండి. విరిగితే మీకైనా తెలుస్తుంది," అంది.

అప్పటినుంచి విరిగిన కళ్లజోడుతో వచ్చిన పిల్లలకు నీతులు చెప్పడం మానేశాను. ఎలా విరిగిందని అడుగుతాను. చాలామంది కిందపడిందనే అంటారు. కొందరు ముందు అమ్మ వైపు చూసి, ఆ తర్వాత అంటారు. వాళ్లకు పవర్ మారకపోయినా లోపలి గదిలోకి పిలుస్తాను.