మూర్తిగారిని నవ్వొద్దన్న రోజు

దయ చూపించబోయి ఒక పార్కు మొత్తాన్ని మూగపరిచినవాడు మీకెక్కడైనా తారసపడ్డాడా? పడకపోతే నేనున్నాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, కుదురుగా కూర్చోండి. వెన్ను నిటారుగా ఉంటే మరీ మంచిది.

నేను ఢిల్లీకి సివిల్స్ రాయడానికి వచ్చాను. కొన్నేళ్లకు కదలకుండా కూర్చోవడం బాగా వంటబట్టింది. ఉద్యోగం మాత్రం రాలేదు. నేర్చిన విద్య వృథా పోనివ్వడమెందుకని ఆ కూర్చోవడాన్నే వృత్తి చేసుకున్నాను. మయూర్ విహార్‌లో ఒక హౌసింగ్ సొసైటీ పార్కులో పొద్దున్నే యోగా నేర్పుతాను. చలికాలంలో ఢిల్లీవాళ్లతో ‘దీర్ఘంగా గాలి పీల్చండి’ అనాలంటే కాస్త గుండె ధైర్యం కావాలి. అది నాకు పుట్టుకతోనే ఉంది.

క్లాసు చివర అందరం గుండ్రంగా నిలబడి, చేతులు పైకెత్తి ‘హా హా హా’ అంటాం. ఇక్కడి పార్కుల్లో అది మామూలే. నిజానికి అది నవ్వు కాదు, వ్యాయామం. దాన్ని నవ్వుగా మార్చినవారు మూర్తిగారు. కాకినాడ మనిషి, కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన నవ్వు కూడా ఆఫీసు ఫైలులాగే ఆలస్యంగా కదిలేది. మేమంతా నవ్వేసి, చేతులు దించి, చెప్పులు వెతుక్కునే వేళకు మొదలయ్యేది. మునిసిపల్ కుళాయిలా ముందు గుర్రుమని, ఆ తరువాత ధారగా. అది విని అందరం మళ్లీ నవ్వేవాళ్లం, ఈసారి నిజంగా. పక్కనున్న ఆయన భార్య రాజేశ్వరి ఆంటీ, “ఇక చాల్లెండి” అనేవారు. అప్పటికి క్లాసు ముగిసినట్టు.

ఒక ఏడాది దీపావళి వెళ్లాక మూర్తిగారు నిద్రలోనే వెళ్లిపోయారు. నెల దాటాక ఒక సాయంత్రం ఆంటీ ఫోన్ చేశారు.

“రేపట్నుంచి క్లాసుకొస్తాను బాబూ.”

“తప్పకుండా రండి ఆంటీ” అన్నాను.

ఫోన్ పెట్టేశాక నాలో కరుణ పొంగింది. పాలు పొంగితే పొయ్యి కట్టేస్తాం. కరుణకు ఆ సదుపాయం లేదు.

అంత దుఃఖంలో ఉన్నావిడ ముందు మేం చేతులెత్తి నవ్వడమా? వెంటనే కొత్త వాట్సాప్ గ్రూపు పెట్టాను. పాత గ్రూపులోని పేర్లు ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్లి, ఆంటీ పేరు దగ్గర మాత్రం వేలు జాగ్రత్తగా ఎత్తి దాటించాను. ఆ మెలకువకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆపైన హిందీలో ఆదేశాలు జారీచేశాను: ‘మూర్తిగారి భార్య రేపు వస్తున్నారు. నవ్వుల రౌండు రద్దు. ఎవరూ నవ్వరాదు. మూర్తిగారి పేరెత్తరాదు. ఆవిడ అడిగితే కాలుష్యం వల్ల మానేశామని చెప్పాలి.’

మా క్లాసులో అందరికంటే పెద్ద గొంతున్న చడ్డా అంకుల్ ఆ క్షణమే ఫోన్ చేశారు.

“మాస్టర్‌జీ, హసీ బంద్, ఠీక్ హై. ఖాన్సీ?”

నవ్వు సరే, దగ్గు మాటేమిటని ఆయన సందేహం.

“ధీరే సే, అంకుల్” అని, మెల్లగా దగ్గడానికి అనుమతించాను.

మర్నాడు ఆంటీ శాలువా కప్పుకుని వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే చాప పరిచారు. ఆ పక్క చోటు ఖాళీగా ఉంది. మిగతావాళ్లంతా పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్నట్టున్నారు. శవాసనం వేయించాల్సి వచ్చేసరికి నాకు ఆ పేరు నోట రాలేదు. “ఇప్పుడందరూ అలా కాస్త వెనక్కి ఒరగండి” అన్నాను. చడ్డా అంకుల్ దగ్గు ఆపుకుని ఆపుకుని గాజర్ హల్వా రంగుకు తిరిగారు.

చివరికి “ఇవాళ్టికింతే, నమస్తే” అన్నాను.

“అదేంటి, నవ్వులేవి?” అన్నారు ఆంటీ.

“మానేశామండీ. పొల్యూషన్ కదా.”

“అచ్ఛా. ఎప్పట్నుంచి?”

“చాలా రోజులైందాంటీ.” యోగికి సత్యం ముఖ్యమని తరచూ చెప్పేది నేనే.

“అవునా? మీ అంకుల్‌కి మాత్రం నిన్న సాయంత్రమే చెప్పారే.”

ఆవిడ శాలువాలోంచి ఒక ఫోను తీశారు. ఆ గోధుమరంగు కవరు నేను గుర్తుపట్టాను. అది మూర్తిగారిది. ఆంటీ పేరు దాటించిన నా వేలు, ఆ పైనున్న ఆయన పేరును అలవాటుగా నొక్కేసిందన్నమాట. ఇల్లలకగానే పండగ కాదు, గ్రూపు మార్చగానే గుట్టు కాదు.

ఆవిడ నా హిందీ ఆదేశాలను కాకినాడ యాసలో, ఒక్క అక్షరం వదలకుండా పైకి చదివారు. తరువాత కళ్లజోడు తీసి నావైపు చూశారు.

“ఇది ఆయనకెందుకు నాయనా? ఆయన నెల్నుంచీ మానేసే ఉన్నారు.”

తెలుగు రాని చడ్డా అంకుల్ “క్యా బోలీ?” అన్నారు. నేనే అనువదించాల్సి వచ్చింది. నా మీద తీర్పు నాచేతే చదివించినట్టయింది. ఆయన ఆపుకున్న దగ్గంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. అందులో సగం దగ్గు కాదు.

ఆంటీ మాత్రం నవ్వలేదు.

“ఇంట్లోనూ ఇదే వరస. నేను హాల్లోకొస్తే మావాడు టీవీ కట్టేస్తాడు. కోడలు గుసగుసలాడుతుంది. మనవరాలు నవ్వబోతే ‘దాదీ ఉన్నారు’ అని కళ్లెర్రజేస్తారు. ఇక్కడైనా నాలుగు నవ్వులు వినపడతాయని వచ్చాను. మీరేమో పార్కుకే తాళం వేశారు.”

“సారీ ఆంటీ” అన్నాను.

“సారీ తర్వాత. ముందు చేతులెత్తండి.”

ఎత్తాం. నవ్వాం. మొదట పేలవంగా, తరువాత కాస్త నయంగా. చేతులు దించాం. కానీ ఎవరూ చెప్పుల వైపు కదల్లేదు. మూర్తిగారి నవ్వు రావలసిన వేళ అది. దూరంగా మెట్రో వెళ్లిన చప్పుడు వినిపించింది. ఆంటీ పక్కనున్న ఖాళీ చోటు వైపు చూస్తూ కాసేపలాగే నిలబడ్డారు.

“ఇక చాల్లెండి” అన్నారు.

అన్నాక ఆవిడకే నవ్వొచ్చింది. నవ్వుతూనే శాలువా కొసతో కళ్లు తుడుచుకున్నారు. క్లాసు ముగిసింది.

కొత్త గ్రూపు ఆ రోజే తీసేశాను. పాత గ్రూపులో మూర్తిగారి నెంబరు ఇప్పటికీ ఉంది. పొగమంచువల్ల క్లాసు లేదంటే ఆయనకూ కబురు వెళుతుంది. చదివినట్టు నీలం టిక్కులు పడతాయి.

కనుక పద్మాసనం వేసుకుని, ఢిల్లీలో దొరికినంత ప్రాణవాయువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి దుఃఖానికీ వాళ్లనడక్కుండా నిబంధనలు రాయను. ఒకవేళ రాసినా, సంబంధిత స్వర్గస్థులకు కాపీ పంపను.